చింతగింజల సారు

మొన్న ఆదివారం పులివెందుల బస్టాండులో జమ్మలమడుగు బస్సు కండక్టరు ఒక చిన్న గుడ్డసంచి నా చేతిలో పెట్టాడు. మూతికి ఎర్రదారం కట్టి ఉంది. విప్పకుండానే లోపల ఏముందో నాకు తెలుసు. ఆ సంచి కుట్టింది నేనే, పాత రైకగుడ్డతో. లోపల పది చింతగింజలు. ఆరింటికి సున్నం బొట్టు, నాలుగు నల్లవి.

ముందురోజు సారు చెల్లెలు ఫోన్ చేసింది. సారు పోయి పన్నెండు రోజులైందట. బీరువా సర్దుతుంటే ఈ సంచి కనబడిందట. దానికి గుచ్చిన కాగితం మీద మా ఊరి పేరు, కింద ‘పడసాల అమ్మకు’ అని ఉందట. కండక్టరుతో పంపుతున్నానని చెప్పింది. నేను సరేనన్నాను.

పిల్లలూ, మీకు ఆ సారు గుర్తుండడు. మీరు సెలవులకు వచ్చేటప్పటికి ఆయనకూ కాలేజీకి సెలవులే, జమ్మలమడుగు వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు మీలో ఒకరు పూణేలో, ఒకరు విశాఖలో ఉన్నారు. రోజూ ఫోనులో తిన్నావా అవ్వా అని అడుగుతారు, తిన్నానని చెబుతాను. ఈ వారం మటుకు మీకు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలింది. అది చెప్పాలంటే ముందు సారు ఎలాంటివాడో చెప్పాలి. పేరు చెప్పను. మా ఇంట్లో ఎవరమూ ఆయన్ని పేరుతో పిలవలేదు.

ఆయన పులివెందుల కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. అప్పటికి యాభై అయిదు దాటాయి. గది బాడుగకు కావాలని మా ఇంటికి వచ్చిన రోజు, మీ తాత ఎండలో కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, వీధి గడప దాటగానే వచ్చే పడసాలలో కూర్చోమన్నాడు. సారు కూర్చోలేదు. తల వంచుకుని నేలను చూస్తూ నిలబడ్డాడు. ఆ నాపరాళ్ళ మీద మీరు తొక్కుడుబిళ్ళ ఆడారు కాబట్టి మీకూ తెలుసు. అవి గళ్ళుగళ్ళుగా పరిచినవి కావు. గోడలో ఇటుకలు పేర్చినట్టు, పై వరసలో రెండు రాళ్ళు కలిసే చోటికి కింది వరస రాయి నడుము వచ్చేటట్టు పరిచారు. అందుకని ఒక్కో రాయి పైన రెండు రాళ్ళకు, కింద రెండు రాళ్ళకు తగులుతుంది. ఆ ఇంట్లో అన్నేళ్ళు తిరిగిన మేము ఆ సంగతి ఎన్నడూ చూడలేదు.

“ఈ బండలు ఎవరు పరిచినారమ్మా?” అని అడిగాడు.

“మా మామ కాలంలో పరిచినారు సారూ. యాడన్నా లేచినాయా?”

“లేదమ్మా. శానా బాగా పరిచినారు. గది తీసుకుంటా.”

మీ తాత నవ్వాడు. “గది మిద్దె మీద ఉండాది సార్, చూడరా?”

“చూస్తాలే అప్పా, గది యాడికి పోతాది?”

అలా వచ్చాడు. మూడేళ్ళు ఉన్నాడు. శనివారం మధ్యాహ్నం జమ్మలమడుగు బస్సెక్కి, ఆదివారం చర్చికి వెళ్ళి, సోమవారం పొద్దున్నే మళ్ళీ దిగేవాడు. దిగినప్పుడల్లా చేతిలో ఒక పొట్లం ఉండేది. పెద్దముడియం పక్క వాళ్ళ నల్లరేగడి చేలో పండిన శనగలు. అన్నం ముందు కళ్ళు మూసుకుని రెండు క్షణాలు ప్రార్థన చేసుకునేవాడు. ఆ తర్వాత కారం ఎంతున్నా కిక్కురుమనకుండా తినేవాడు. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే దారంతో చెవికి కట్టుకున్నాడు. కొత్తది చేయించుకోమంటే, ఇది ఆగి ఉంది కదమ్మా అనేవాడు.

ఆయనకి దేనికీ తొందర ఉండేది కాదు. కాఫీ డికాక్షను దించుతుంటే వచ్చి ఫిల్టరు ముందు పీట వేసుకుని కూర్చునేవాడు. పొడి మీద నీళ్ళు పోశాక కింద మొదటి బొట్టు పడేదాకా చూసేవాడు. బొట్టు పడగానే “దాటింది” అని లేచి వెళ్ళేవాడు. కాఫీ ఎప్పుడో చల్లారాక తాగేవాడు. వాన వస్తే మరీను. మన వాకిట్లో దుమ్ము మీద చినుకులు పడతాయి కదా, ముందు వేరువేరు మచ్చలుగా ఉంటాయి. మచ్చ మచ్చా కలుస్తుంది. ఇంకా ఏమీ కాదు. ఉన్నట్టుండి ఒక క్షణాన వాకిలంతా ఒకటై నీళ్ళు గేటు దాకా పారతాయి. సారు చూరు కింద నిలబడి సరిగ్గా ఆ క్షణాన వేలెత్తేవాడు. మొదట్లో మీ తాతా నేనూ చాటుగా నవ్వుకున్నాం. రెండో వానాకాలానికి ఆయన పక్కన మేమూ నిలబడి, వేలు ఎప్పుడెత్తుతాడా అని కాచుకునేవాళ్ళం.

ఇక ఆ చింతగింజలు. వచ్చిన నెలలోనే ఒక సాయంత్రం పడసాల వాడుకోవచ్చా అని అడిగి, సుద్దముక్కతో వీధి గడప పక్క రాయి మీద ఒక గుర్తు పెట్టాడు. అది రోగం తగిలిన రాయి. దాని కింద రెండు రాళ్ళున్నాయి. ఒక్కో రాయికి నన్ను సంచిలో నుంచి చూడకుండా ఒక గింజ తీయమన్నాడు. బొట్టు గింజ వస్తే రోగం కింది రాయికి పాకినట్టు, నల్లగింజ వస్తే ఆగిపోయినట్టు. తీసిన గింజ మళ్ళీ సంచిలో వేసి కలపాలి. పాకిన రాయికి సుద్ద గుర్తు. అక్కడి నుంచి దాని కింది రాళ్ళకు మళ్ళీ గింజలు. ఇలా వరస తర్వాత వరస వంటింటి గడప దాకా. మధ్యలో ఏ వరసలోనైనా ఒక్క గుర్తూ లేకపోయిందంటే ఆట అయిపోయినట్టే. రోగం చచ్చిపోయింది, ఇక తిరిగి పుట్టదు.

నాకు అర్థమయ్యేటట్టు ఆయన ఒకే ఒక్కసారి చెప్పాడు. “ఒకదాన్నుంచి ఒకదానికి పాకేది ఏదైనా ఇంతేనమ్మా. కొంతవరకు దానంతట అదే చచ్చిపోతాది. ఒక అంచు దాటితే మనం ఆపలేం. పై వరస నిన్న, కింది వరస రేపు. ఎనక్కు పోదు. ఆ అంచు కాడ ఏం జరుగుతాదో అదే నేను చదివేది.”

సంచిలో అయిదు బొట్టువి, అయిదు నల్లవి వేస్తే రోగం నాలుగైదు వరసలు దిగి పోయేది. ఏడు బొట్టువి వేస్తే చాలాసార్లు వంటింటి దాకా వచ్చేది, గుర్తులు పడసాల వెడల్పంతా పరుచుకునేవి. ఒక గింజ తీసి ఆరు చేస్తే మటుకు ఏమీ చెప్పలేం. ఒక్కో సాయంత్రం సన్నగిల్లి సన్నగిల్లి ఒక్క రాయి మీదికి వస్తుంది, ఇక పోయిందిలే అనుకుంటాం, అక్కడ నుంచి మళ్ళీ రెండు, మళ్ళీ మూడు. నాకు నడుము నొప్పి పుట్టేది. “తెగదేంది సారూ ఇది?” అంటే, అంచు దగ్గరికొచ్చింది తొందరగా చెప్పదమ్మా, ఆత్రపడినోనికి అసలు చెప్పదు, అనేవాడు. అసలు అంచు ఆరుకీ ఏడుకీ మధ్యలో ఉందట. కంప్యూటరు ఒక్క నిమిషంలో లక్ష ఆటలు ఆడుతుందని కూడా ఆయనే చెప్పాడు. మరి ఇదెందుకని అడిగితే, చేత్తో గింజ తీస్తే గానీ నాకు నమ్మకం కుదరదని చెప్పి సిగ్గుపడ్డాడు.

ఆట నడిచేటప్పుడు పడసాలలో ఎవరూ నడవకూడదు. పెరటి వైపు నుంచి చుట్టు తిరిగి రావాలి. ఒకరోజు ఎదురింటి నా మరదలు చక్కెరకని వచ్చి, నేల మీద సుద్ద గుర్తులూ, నా చేతిలో గింజలూ చూసి గడప బయటే ఆగిపోయింది.

“ఏం వదినా, మీ సారు చేతబడి చేస్తాండాడా?” అంది.

నేను ఏదో సర్దిచెప్పబోతే సారు వద్దని చెయ్యి ఊపాడు. ఆమె వెళ్ళాక, ఈ మాట శుక్రవారానికి బస్టాండు చేరుతుందని లెక్క కట్టాడు. గురువారమే చేరింది. బస్టాండులో పండ్ల బండి ఆయన మీ తాతను పక్కకు పిలిచి, జాగ్రత్త మామా, అన్నాడట. మీ తాత మండిపడుతూ ఇంటికి వచ్చాడు. సారు మాత్రం ఒక రోజు ముందే ఎలా దాటిందా అని ఆలోచనలో పడ్డాడు. చివరికి మా ఇద్దరితో అన్నాడు, “మాట ఆగాలంటే యాడో ఒక నల్లగింజ ఉండాల. నా కాడికి వచ్చింది నా కాడ ఆగిపోతాది. నేను నల్లగింజనప్పా.”

మీ తాత కోపం మరిచి నవ్వాడు. అప్పటి నుంచి ఆయన నల్లటి రంగు మీద ఆయనే వేసుకున్న ఆ మాట మా ఇంట్లో వాడుకైపోయింది.

రెండో ఏడు మన చీనీతోటకు, విశాఖలో బత్తాయి అంటారే ఆ చెట్లకు, వేరుకుళ్ళు వచ్చింది. అప్పటికి చుట్టుపక్కల అందరూ డ్రిప్పు వేసుకున్నారు. మీ తాత వేయనన్నాడు. చెట్టు తాగేది కంటికి కనబడాలని ఆయన పట్టు. అందుకని మన తోటలో పాత పద్ధతే. ఎగువన బోరు. అక్కడి నుంచి కాలువ. ఒక చెట్టు పాదు నిండితే మడవ తెరిచి కింది చెట్టు పాదులోకి నీళ్ళు వదలడం. మడవ అంటే గట్టుకు పారతో పెట్టే గండి, మళ్ళీ ఆ మట్టితోనే మూసేస్తాం. బోరు దగ్గర చెట్లు ముందు పసుపుబారాయి. వాటి వేర్లు ముట్టుకుంటే తొక్క ఊడి వచ్చేది. మందు పోశాం. కొన్ని నిలిచాయి, కొన్ని పోయాయి. ఆ తోట మీదే మీ అమ్మ చదువూ, మీ మామ చదువూ నడిచాయి. నాకూ మీ తాతకూ ముసలితనంలో ఇంత కూడు పెట్టేది కూడా అదే.

సారు ఒక ఆదివారం జమ్మలమడుగు వెళ్ళకుండా తోటకు వచ్చాడు. బోరు నుంచి కింద పారే వంక దాకా పల్లానికి నడిచి, ప్రతి పాదు దగ్గరా ఆగి చూశాడు. సాయంత్రం పడసాలలో నేలను చూపిస్తూ చెప్పాడు. నీళ్ళు రోగాన్ని పాదు నుంచి పాదుకు మోస్తున్నాయి. ఇప్పుడు మీ తోట ఏడు బొట్టు గింజల సంచి. ఆరో సాలు చెట్లు మొత్తం తీసేసి, పాదులు చదును చేసి, అడ్డంగా గట్టు వేయండి. కింది చెట్లకు నీళ్ళు తోట చుట్టూ వేరే కాలువలో తీసుకుపొండి. ఎగువ చెట్లు పోయినా కిందివి మిగులుతాయి.

ఆరో సాలులో పదకొండు చెట్లు. అన్నీ పచ్చగా ఉన్నాయి, కాపు మీద ఉన్నాయి.

“కాసే చెట్టును కొట్టమంటాండావు సారూ,” అన్నాడు మీ తాత. “రోగమొచ్చిందాన్ని కొట్టమంటే కొడతా. ఇవేం పాపం జేసినాయి?”

సారు వాదించలేదు. సంచి నా చేతికిచ్చాడు. ఏడు బొట్టువి, మూడు నల్లవి. వారం రోజులు ప్రతి సాయంత్రం ఆడాం. మీ తాత గోడకు ఆనుకుని చూశాడు. ఎక్కువసార్లు వంటింటి దాకా వచ్చింది. ఎనిమిదో రోజు సారు పడసాల మధ్యలో ఒక వరస రాళ్ళ మీద గోనెపట్ట పరిచి, ఇప్పుడు ఆడండి అన్నాడు. గోనెపట్ట దగ్గర ఆగిపోయింది. మీ తాత లేచి బయటికి వెళ్ళి చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. మర్నాడు పొద్దున ఆ పదకొండు చెట్లకూ కడుపునిండా నీళ్ళు పెట్టాడు. ఆ తర్వాత గొడ్డలి తీశాడు. ఒక్కడే కొట్టాడు. కూలీలను పిలవలేదు.

మన తోటలో చెట్టు పోయిన చోట ఖాళీ ఉంచడం మన వాళ్ళకు పడదు. పన్ను ఊడిన నోరులా ఉందంటారు, వెంటనే మొక్క నాటుతారు. చూసిన ప్రతివాడూ ఆ ఖాళీ సాలు గురించి అడిగాడు. మీ తాత జవాబు చెప్పలేదు, మొక్కా నాటలేదు. ఏడాది గడిచింది. ఎగువన ఇంకో పది చెట్లు పోయాయి. గట్టుకు కింద ఒక్క ఆకు పసుపుబారలేదు.

ఆ ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. కొత్తది పెట్టేదాకా కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. చుట్టు కాలువ పొడుగెక్కువ, దారిలోనే ఇసుక సగం నీళ్ళు తాగేస్తుంది. మోటారు రెండు గంటలు ఆడితే నీళ్ళు కింది చెట్లకు చేరేలోపే కరెంటు పోయేది. ఒకరోజు మీ తాత మీ చిన్నమ్మ పెళ్ళిబట్టలు కొనాలని ప్రొద్దుటూరు వెళ్ళాడు. నేనొక్కదాన్నే తోటలో ఉన్నాను. కింది చెట్ల ఆకులు దోసిలి పట్టినట్టు ముడుచుకుని ఉన్నాయి. నిమ్మకాయంత పిందెలు రాలుతున్నాయి. ఎగువ పాదుల్లో నీళ్ళు నిండుగా నిలబడి ఉన్నాయి, మధ్యలో అడ్డం ఒక్క గట్టు. పార తీసుకుని, బోరు దారి నుంచి మూడో మోడు దగ్గర ఒక మడవ తెరిచాను. ఆ మడవ గుండా ఖాళీ సాలు దాటి నీళ్ళు ఎంత తొందరగా కిందికి పరిగెత్తాయో చెప్పలేను. ఒక గంట వదిలి మూసేశాను. మట్టి కాలితో తొక్కి, పైన ఎండుటాకులు కప్పాను. ఎవరికీ చెప్పలేదు.

వానలు వచ్చి వెళ్ళాక గట్టుకు కింద చెట్లు పసుపుబారడం మొదలైంది.

ఇదీ నేను మీకు చెప్పాల్సిన మాట. మీరంతా విన్న కథ వేరు. రోగం గట్టు దాటింది, దేవుడి దయ లేదు, అంతే విన్నారు. నేనూ అలాగే చెప్పాను. మీ తాత చేతులతో కొట్టిన పదకొండు చెట్లనూ నేనొక గంటలో వృథా చేశానని నా కడుపులో ఉంది.

సారు అప్పటికి పదవీ విరమణకు రెండు నెలల దూరంలో ఉన్నాడు. ఒక మధ్యాహ్నం మీ తాత లేనప్పుడు తోటకు వెళ్ళి, పసుపుబారిన చెట్లన్నీ కాగితం మీద గుర్తు పెట్టుకుని వచ్చి, పడసాల రాళ్ళ మీద ఒక్కోటి సుద్దతో వేశాడు. నేను వంటింటి గడపలో నిలబడి చూస్తున్నాను. అన్నీ వేశాక గుర్తుల వెంబడి పైకి వచ్చి రెండు చేతుల చూపుడువేళ్ళు రెండు చోట్ల ఆనించాడు. ఒక వేలు స్తంభం దగ్గర, ఒక వేలు కిటికీ కింద. స్తంభం దగ్గర రాయి సరిగ్గా మూడో మోడు. నా కన్ను ఆ వేలు మీద నుంచి కదలలేదు. అప్పుడే వాకిట్లో మీ తాత చెప్పుల చప్పుడైంది. సారు అరచేత్తో ఆ గుర్తులన్నీ తుడిచేశాడు.

సాయంత్రం డికాక్షను దించుతుంటే పీట వేసుకుని కూర్చున్నాడు. బొట్టు పడింది. దాటిందని చెప్పలేదు.

“ఆ పొద్దు కరెంటు ఎంతసేపున్నిందమ్మా?” అని అడిగాడు.

నేను రెండు గంటలన్నాను. ఆ తర్వాత ఏడ్చాను. అన్నీ చెప్పాను. మూడో మోడూ, పారా, ఎండుటాకులూ. ఆయన విన్నాడు. చల్లారిన కాఫీ తాగి లోటా కింద పెట్టాడు.

“ఒక మడవతో ఇట్ల పోదమ్మా,” అన్నాడు. “ఒక్కటే అయ్యింటే ఈ లెక్క ఇట్ల రాదు.”

ఆయన మంచితనం అది, అనుకున్నాను. ఆడమనిషి ఏడుస్తుంటే ఎవరైనా అనే మాట. నమ్మలేదు గానీ, ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళు బతికాను. మీ తాతకు చెప్పొద్దని నేను అడగలేదు. ఆయన చెప్పడని నాకు తెలుసు.

రెండు నెలల తర్వాత పెట్టె సర్దుకుని జమ్మలమడుగు వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు కొత్తతోటకు ఒక పటం గీసిచ్చాడు. ఎడం ఎడంగా చెట్లు, ప్రతిదానికీ వేరుగా డ్రిప్పు. మీ తాత ఈసారి మాట్లాడకుండా పక్క చేలో వేశాడు. మీరు తింటున్న చీనీకాయలు ఆ చెట్లవే. పాతవాటిలో కూడా కొన్ని మిగిలాయి, ఏడేళ్ళుగా చావవు, బాగుపడవు. ఫోనులో వాటి సంగతి చెబితే సారు చాలా సంతోషంగా వినేవాడు. చెట్లు బాగున్నాయని చెప్పినా అంత సంతోషపడేవాడు కాదు. ఒకసారి ఆయన రాసింది ఏదో పుస్తకంలో అచ్చయిందని, చివర మా పడసాలకు కృతజ్ఞతలు చెప్పుకున్నానని ఫోన్ చేశాడు. మాకు కాదా సారూ అంటే, మీరు కూడా పడసాలలోనే ఉండారు కదమ్మా అన్నాడు.

సంచి వచ్చిన మధ్యాహ్నం అన్నం తిన్నాక పడసాలలో దాన్ని విప్పాను. మీ తాత మంచం దిగి వచ్చి నేల మీద కూర్చున్నాడు, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి. ఒక్కో గింజా తీసి చూశాడు. సారు లేడు, ఇక నాతో పాటు ఈ మాట తెలిసిన ఒక్క మనిషి కూడా లేడు అనిపించింది నాకు. అప్పుడు చెప్పాను. ఆయన ముఖం చూడకుండా, గింజలను చూస్తూ చెప్పాను. ట్రాన్స్‌ఫార్మరు కాలిన ఎండాకాలం, నువ్వు ప్రొద్దుటూరు పోయిన రోజు, గట్టుకు మడవ పెట్టింది నేనేనని.

మీ తాత చేతిలో ఉన్న గింజ కింద పెట్టాడు.

“నువ్వు యాడ పెట్టింటివి?” అన్నాడు.

“మూడో మోడు కాడ.”

“నేను గానుగచెట్టు మూల పెట్టింటి,” అన్నాడు. “నువ్వు పెండ్లి పిలుపులకు వేంపల్లె పోయినప్పుడు. పిందెలు రాలిపోతాంటే చూడలేకపోతి. నీతో చెప్తే, చెట్లు కొట్టింది ఎందుకని అడుగుతావని చెప్పల్యా.”

ఇన్నేళ్ళూ ఆయన ఆ ఖాళీ సాలు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఎందుకు తల తిప్పుకునేవాడో, చెట్లు కొట్టిన బాధ అనుకున్నాను. నేను నోరు విప్పి ఉంటే ఆ బరువు సగమన్నా దిగేది కదా. ఆయన విప్పి ఉంటే నాదీ దిగేది.

“సారుకు తెల్సా?” అని అడిగాను.

“తెల్సు. నేనే చెప్పినా, ఆయన పెట్టె సర్దుకునే రోజు.”

“ఏమన్నాడు?”

“ఒక మడవతో ఇట్ల పోదప్పా, అన్నాడు.”

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నాకు సారు మీద కోపం వచ్చింది పిల్లలూ, నిజం చెబుతున్నాను. ఇద్దరి సంగతీ ఆయనకు తెలుసు, ఒకే ఇంట్లో ఒకే అన్నం తింటూ ఇద్దరమూ కుమిలిపోతున్నామని తెలుసు. ఒక్క మాట అటు నుంచి ఇటు చేరవేస్తే తీరిపోయేది. ఆ మాటే అన్నాను.

మీ తాత ఒక గింజ ఏరి నా అరచేతిలో పెట్టాడు. “ఆయన నల్లగింజ గదే,” అన్నాడు.

ఎండ తగ్గాక ఇద్దరం తోటకు వెళ్ళాం. ఆ ఖాళీ సాలు ఇంకా అలాగే ఉంది, పాత గట్టు సగం కరిగి గడ్డి పట్టి ఉంది. మూడో మోడు నేను చూపించాను. మీ తాత నన్ను గానుగచెట్టు మూలకు తీసుకుపోయాడు. రెండింటికీ మధ్య యాభై అడుగులు ఉంటాయి. రెండు చోట్ల నుంచీ పల్లానికి చూస్తే, పోయిన చెట్ల ఖాళీలు రెండు పాయలుగా దిగి కింద కలుస్తాయి. సారు రెండు వేళ్ళు ఆనించిన రోజు నేను స్తంభం వైపే చూశాను. కిటికీ కింది వేలు మీ తాత మడవది. అప్పటికి మీ తాత ఆయనతో ఏమీ చెప్పనే లేదు.

ఓదార్పు అనుకున్నాను ఇన్నేళ్ళూ. సారు నాకు చెప్పింది లెక్క.